కిడ్నీ జబ్బు – ఎదిగే మెదడు (స్మారకోపన్యాస పాఠం)

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బున్న పిల్లల్లో మెదడు దెబ్బతినడం చాలావరకు ఫిట్స్‌తోనో, స్పృహ తప్పడంతోనో మొదలుకాదు. చదివింది నిలవదు, చెప్పింది సగంలోనే జారిపోతుంది, మొదలుపెట్టిన పని పూర్తికాదు. తొలి గుర్తులు ఇవే. జబ్బు సంగతి తెలియని ఇంట్లో దీన్ని బద్ధకం అంటారు. తెలిసిన ఇంట్లో ‘పాపం, నీరసం’ అని సరిపెట్టుకుంటారు. డాక్టరు క్రియాటినిన్ చూస్తారు, బడి మార్కులు చూస్తుంది. ఆ రెండు కాగితాలూ ఒకచోటికి రావడం అరుదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లోనూ, వాటిని ఆనుకున్న పల్లెల్లోనూ కిడ్నీ జబ్బు మాట రాగానే నీళ్లు, డయాలసిస్, ఖర్చు గుర్తుకొస్తాయి. పిల్లవాడి చదువు ఆ మాటల్లో ఎక్కడా ఉండదు. ఉండి తీరాలి, ఎందుకంటే చదువును దెబ్బతీసే కారణాల్లో ఎక్కువభాగం మందుకు లొంగేవే.

కిడ్నీల నిర్మాణంలో గాని పనిలో గాని లోపం మూడు నెలలకు మించి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక జబ్బు అంటారు. కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడకడుతున్నాయన్నది దీనికి కొలత. ఆ అంకె 90కి పైన ఉంటే వడపోత బాగున్నట్టు. 60 కంటే తగ్గితే మూడో దశ, 30 కంటే తగ్గితే నాలుగోది, 15 కంటే తగ్గితే అయిదోది. పెద్దవాళ్ల కొలతలతో పిల్లలను చూడటం వల్ల జరిగే మొదటి పొరపాటు ఇక్కడే ఉంది. 130 సెంటీమీటర్ల ఎత్తున్న ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లవాడికి క్రియాటినిన్ 1.5 వచ్చిందనుకుందాం. ల్యాబ్ కాగితం మీద అచ్చువేసి ఉండే హద్దు పెద్దవాళ్లది కాబట్టి, ‘కొంచెం ఎక్కువుంది, నీళ్లు బాగా తాగించండి’ అనే మాటతో ఇంటికి పంపే ప్రమాదం ఉంది. పిల్లలకు వాడాల్సిన లెక్క వేరు. సెంటీమీటర్లలో ఎత్తును 0.413తో గుణించి, వచ్చినదాన్ని క్రియాటినిన్‌తో భాగించాలి. 130ని 0.413తో గుణిస్తే సుమారు 53.7. దాన్ని 1.5తో భాగిస్తే 36 దాటదు. అంటే ఆ పిల్లవాడు అప్పటికే మూడో దశలో సగం దాటాడు. ష్వార్ట్జ్ సూత్రంగా పేరున్న ఈ లెక్కకు ఎత్తు కొలిచే టేపు, ఒక రక్తపరీక్ష చాలు. ఏ పట్టణంలోనైనా సులువుగా తేలే పని.

పిల్లల్లో ఈ జబ్బుకు కారణాలు పెద్దవాళ్ల కారణాల వంటివి కావు. పెద్దల్లో షుగరు, బీపీ ముందుంటాయి. పిల్లల్లో పుట్టుకతో వచ్చిన నిర్మాణ లోపాలే ఎక్కువ. మూత్రం సంచి నుంచి పైకి, కిడ్నీలవైపు ఎగదన్నడం, మగపిల్లల్లో మూత్రనాళంలో పొర అడ్డుపడటం, కిడ్నీలు చిన్నవిగా ఏర్పడటం అలాంటివి. మగశిశువుకు మూత్రం ధారగా రాకుండా చుక్కలు చుక్కలుగా వస్తుంటే అది ‘కొందరికి అంతే’ అని వదిలేసే విషయం కాదు. తరువాతి స్థానం కిడ్నీ వడపోత గుళికల జబ్బులది. పొద్దున లేచేసరికి మొహం, కళ్లకింద ఉబ్బడం, మూత్రంలో నురగ రావడం వీటి గుర్తులు. మూడోవి వంశపారంపర్యంగా వచ్చేవి. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఇంకా జరుగుతున్న తెలుగు కుటుంబాల్లో ఇవి పట్టించుకోవాల్సినవి. తల్లీతండ్రీ ఇద్దరూ బయటపడకుండా మోస్తున్న లోపం బిడ్డలో కలిసి బయటపడుతుంది. వీటిలో కొన్ని కిడ్నీతోపాటు మెదడునూ నేరుగా తాకుతాయి. ఉదాహరణకు జూబర్ట్ సిండ్రోమ్‌లో చిన్నమెదడు సరిగా ఏర్పడదు, తరువాత కిడ్నీలూ దెబ్బతినవచ్చు. అలాంటి పిల్లలో చదువు వెనకబాటును కిడ్నీ చెడటం వల్ల వచ్చిన ఫలితంగా లెక్కవేయకూడదు. రెండింటికీ మూలం ఒకటే.

మెదడు మీద ప్రభావం ఎంతన్నది జబ్బు ఎంత ముదిరింది అన్నదాని మీదనే కాక, ఏ వయసులో మొదలైంది, ఎన్నేళ్లు సాగింది అన్నవాటి మీద కూడా ఆధారపడుతుంది. ఐదారేళ్లు వచ్చేసరికి మెదడు పరిమాణంలో పెద్దవాళ్ల మెదడుకు పదింట తొమ్మిది వంతులకు చేరుతుంది. నరాల తంతువులకు కొవ్వు పొర పట్టడం, అనవసరమైన అతుకులు రాలిపోయి అవసరమైనవి గట్టిపడటం మాత్రం ఇరవై దాటాక కూడా సాగుతుంది. నుదుటి వెనక భాగం, అంటే ముందుచూపును, నిగ్రహాన్ని, పనుల వరుసను చూసుకునే భాగం అన్నిటికంటే ఆలస్యంగా పక్వమవుతుంది. పసివయసులో జబ్బు వస్తే మాటలు, నడక, తల చుట్టుకొలత దెబ్బతింటాయి. పదేళ్లకు వస్తే ఏకాగ్రత, జ్ఞాపకం దెబ్బతింటాయి. పదిహేనేళ్లకు వస్తే మందు వేళకు వేసుకోవడం, రేపటి సంగతి ఈరోజు ఆలోచించడం కష్టమవుతుంది. ఈ కష్టం బయటికి మొండితనంలాగా కనిపించడం ఆ వయసు పిల్లల దురదృష్టం.

ఈ విషయంలో లోకానికి దొరికిన నమ్మదగిన లెక్కల్లో చాలాభాగం ఉత్తర అమెరికాలో 2005 నుంచి పిల్లలను నమోదు చేసుకుంటూ ఏటేటా పరీక్షిస్తున్న ‘సీకేఐడీ’ అధ్యయనం నుంచి వచ్చాయి. జబ్బు ఇంకా డయాలసిస్ దాకా రాని పిల్లల మీద 2011లో వెలువడిన ఫలితాలను జాగ్రత్తగా చదవాలి. చాలామంది పిల్లల స్కోర్లు మామూలు పరిధిలోనే ఉన్నాయి. కిడ్నీ జబ్బు వస్తే తెలివి పోతుందని ఎవరైనా అంటే అది తప్పు. కాని తెలివితేటలు, చదువు, ఏకాగ్రత, పనుల నిర్వహణ పరీక్షల్లో 21 నుంచి 40 శాతం మంది సగటుకు చెప్పుకోదగ్గంత కింద ఉన్నారు. సాధారణ పిల్లల్లో అలా ఉండేవాళ్లు ఆరుగురిలో ఒకరు. 2018లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, కిడ్నీ జబ్బున్న పిల్లల ఐక్యూ సాధారణ జనాభా సగటుకంటే సుమారు 10 పాయింట్లు తక్కువగా తేలింది. మధ్యస్థ దశల్లో ఉన్నవాళ్లకు 9, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు 11, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు 16 పాయింట్ల తేడా కనిపించింది. డయాలసిస్ పిల్లల సంఖ్య అందులో పాతికకు లోపే కాబట్టి ఆ చివరి అంకెను రాయిమీద గీతగా తీసుకోకూడదు. దారి ఎటు పోతోందో చెప్పడానికి మాత్రం సరిపోతుంది.

సగటు అంకెలు తరగతి గదిలో ఎలా కనిపిస్తాయో ఒక లెక్కతో చెప్పవచ్చు. టీచరు నోటితో ఇలా చదువుతారు: ‘ఒక రైతు మూడెకరాల్లో ఎకరాకు 28 బస్తాల చొప్పున వడ్లు పండించాడు. 15 బస్తాలు ఇంటికి ఉంచుకొని మిగతావి మిర్యాలగూడ మిల్లుకు వేశాడు. మిల్లుకు వేసినవి ఎన్ని?’ ఇది చేయడానికి పిల్లవాడు 3, 28, 15 అనే మూడు అంకెలను మనసులో పట్టి ఉంచాలి. మొదటి రెండింటినీ గుణించాలి. వచ్చిన 84ను చెదరనీయకుండా 15ను వెనక్కి తెచ్చుకొని తీసివేయాలి. పక్క బెంచీలో పెన్సిలు కిందపడిన చప్పుడుకు మధ్యలో తెగిపోకూడదు. గుణకారం, తీసివేత రెండూ వచ్చిన పిల్లవాడే 84 దగ్గర ఆగిపోతాడు, లేదా ‘ఎంత ఉంచుకున్నాడు సార్?’ అని అడుగుతాడు. వాడికి ఎక్కం రాకపోవడం కాదు. అంకెల్ని మనసులో నిలిపి ఉంచే పని జ్ఞాపకం తగ్గింది, ఆలోచన వేగం తగ్గింది. అదే లెక్కను బోర్డు మీద రాసి, అంకెల కింద గీత గీసి, మూడు నిమిషాలు ఎక్కువిస్తే 69 అని చెబుతాడు. కిడ్నీ జబ్బు పిల్లల్లో ఎక్కువగా కనబడే లోపం ఈ తరహాదే. నేర్చుకున్నది పోదు, నేర్చుకునే దారి ఇరుకవుతుంది.

ఆ దారి ఇరుకయ్యే కారణాలు ఒకటి కాదు. అందరూ మొదట తలచేది యూరియాను. నిజానికి యూరియా కంటే ఎక్కువ హాని చేసేవి వేరే ఉన్నాయి. పేగుల్లోని సూక్ష్మజీవులు మాంసకృత్తులను విరగగొట్టినప్పుడు పుట్టే పదార్థాలు కాలేయంలో మార్పు చెంది ఇండాక్సిల్ సల్ఫేట్, పి-క్రెసిల్ సల్ఫేట్‌గా తయారవుతాయి. మంచి కిడ్నీలు వీటిని మూత్రంలోకి తోసేస్తాయి. చెడిన కిడ్నీలున్నవారి రక్తంలో అవి పేరుకుంటాయి, రక్తంలోని ప్రొటీన్‌కు అంటుకొని ఉండటం వల్ల డయాలసిస్‌కు కూడా సరిగా లొంగవు. మెదడు రక్తనాళాల లోపలి పొరను ఇవి చికాకు పెడతాయి. గ్వానిడిన్ జాతి పదార్థాలు మరికొన్ని నరకణాలను అవసరానికి మించి ఉద్రేకపరుస్తాయి. జబ్బు ముదిరినప్పుడు వచ్చే వణుకు, కండరాల అదురు, ఫిట్స్‌లో వీటికి వాటా ఉంది. పారాథైరాయిడ్ హార్మోను పెరిగి కాల్షియం లెక్క తప్పడం, రక్తంలో ఆమ్లం పెరగడం, ఆకలి చచ్చి తిండి తగ్గడం వీటికి తోడవుతాయి.

వీటికంటే సులభంగా పట్టుకోగలిగినవి, పట్టుకుంటే సరిచేయగలిగినవి రెండున్నాయి. ఒకటి రక్తహీనత. ఎర్రకణాలను తయారుచేయమని ఎముక మజ్జకు చెప్పే ఎరిత్రోపోయెటిన్ కిడ్నీల్లోనే పుడుతుంది. కిడ్నీ చెడితే ఆ కబురు తగ్గుతుంది, రక్తం పలచబడుతుంది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో కిడ్నీ జబ్బున్న పిల్లలకు, యువకులకు మెదడు స్కాన్లు తీసి చూస్తే మెదడుకు రక్తప్రవాహం తక్కువగా కాక ఎక్కువగా ఉంది. ప్రాణవాయువు మోసే శక్తి తగ్గిన రక్తాన్ని మెదడు ఎక్కువ మోతాదులో లాక్కుంటోందన్నమాట. ఈ రకంగా సర్దుకుపోతున్న మెదడుకు అదనపు భారం పడితే నిల్వ ఉండదు. ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందువల్ల ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాలిపోయిన పిల్లవాడు ఎవరి కంటికీ కొత్తగా అనిపించడు. ఐరన్ సిరప్ రాసిస్తారు, మూడు నెలలైనా హిమోగ్లోబిన్ పెరగకపోతే మరో కంపెనీ సిరప్ రాసిస్తారు. అలా పెరగని ప్రతి పిల్లవాడికీ క్రియాటినిన్ ఒకసారి చూడటం మంచి వైద్యంలో భాగం కావాలి. ఎరిత్రోపోయెటిన్ ఇంజక్షన్లు, సరిపడా ఐరన్ కలిపి ఇస్తే చాలామందికి రక్తం పుంజుకుంటుంది. మార్పిడి ఆలోచన ఉన్న పిల్లలకు వీలైనంతవరకు రక్తం ఎక్కించకుండా చూడటం మరో కారణం వల్ల ముఖ్యం. ఎక్కించిన ప్రతి సీసా రేపటి దాత కిడ్నీని శరీరం తిరస్కరించే అవకాశాన్ని పెంచవచ్చు.

రెండోది బీపీ. కిడ్నీ జబ్బున్న పిల్లల్లో బీపీ ఎక్కువున్నవాళ్లు ఆకారాలు, బొమ్మలు, చేతిపనితో కూడిన తెలివి పరీక్షల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నారని 2011లో సీకేఐడీ పరిశోధకులు చూపారు. పిల్లల బీపీలో మోసం చేసేది కూడా పెద్దవాళ్ల కొలబద్దే. ఎనిమిదేళ్ల పిల్లవాడికి 130/85 వస్తే, పెద్దవాళ్లకు ‘కాస్త ఎక్కువ’ అనిపించే ఆ అంకె ఆ వయసుకు స్పష్టంగా అధిక రక్తపోటు. బీపీ కొలిచేటప్పుడు చేతికి చుట్టే పట్టీ సంగతీ ఉంది. పెద్దవాళ్ల పట్టీని సన్నని చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. పెరిగిన బీపీ మామూలుగా కనిపించి తప్పించుకుంటుంది. ఇంత చిన్న వస్తువు లేక ఒక పిల్లవాడి జబ్బు ఏళ్లతరబడి దొరకకపోవడం బాధపెట్టే విషయం. యూరప్‌లో 385 మంది పిల్లలపై జరిగిన ‘ఎస్కేప్’ పరీక్ష 2009లో ముగింపు చెప్పింది. రామిప్రిల్‌తో బీపీని మామూలు లక్ష్యం కంటే ఇంకా కిందికి తెచ్చిన పిల్లల్లో ఐదేళ్లలో కిడ్నీ చెడినవాళ్లు 29.9 శాతం, మామూలు లక్ష్యంతో ఆపినవాళ్లలో 41.7 శాతం. కిడ్నీకి మేలు చేసే మాత్రే మెదడు రక్తనాళాలకూ కాపుగా ఉంటుంది. మందుతోపాటు ఉప్పు సంగతి చూడాలి. హాస్టల్ పళ్లెంలో ఆవకాయ, అప్పడం, పక్కన ప్యాకెట్ చిప్స్ ఉన్నంతకాలం మాత్ర ఒక్కటే ఆ పని మోయలేదు.

బీపీ ఒక్కసారిగా ఎగిరితే మెదడు వెనకభాగంలో వాపు వస్తుంది. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఆపై ఫిట్స్. కిడ్నీ వడపోత గుళికల వాపు, అంటే నెఫ్రైటిస్‌తో మొహం ఉబ్బిన పిల్లవాడికి ఇలా జరిగితే గాలి సోకిందని తిప్పడంలో పోయే ప్రతి గంటా ఖరీదైనదే. వెంటనే ఆసుపత్రికి చేర్చి బీపీని నిదానంగా దించితే ఈ వాపు చాలామందిలో పూర్తిగా తగ్గిపోతుంది.

మెదడు బొమ్మల్లో కనిపించే మార్పులు ఇంకా పూర్తిగా అర్థమైనవి కావు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు జబ్బు తొలి దశల్లో ఉన్న పిల్లల్లో కూడా చిన్నమెదడులో బూడిదరంగు పదార్థం తక్కువగా ఉండటం గమనించారు. చిన్నమెదడు నడకను, తూకాన్ని మాత్రమే చూస్తుందని పాత పాఠ్యపుస్తకాలు చెప్పేవి. ఆలోచనల వేగాన్ని, వరుసను సర్దడంలోనూ దానికి పాత్ర ఉందని ఇప్పుడు తెలుసు. అయితే ఒక్క పిల్లవాడి విషయంలో నిర్ణయం చేయడానికి ఎమ్మారై పనికిరాదు. ఫిట్స్, ఒకవైపు బలహీనత, మాట తడబడటం లేనప్పుడు ఆ స్కాన్ మీద పెట్టే డబ్బు రక్తహీనత మందులకు పెడితే మేలు.

పాత నల్లగొండ జిల్లాలో కిడ్నీ, మెదడు అనే రెండు మాటలు కలిసి వచ్చే మరోచోటు నీళ్లు. నల్లగొండ ఫ్లోరైడ్ గురించి ప్రపంచానికి తెలుసు. నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. పటిక, సున్నం కలిపి నీటిని తేటపరచడం దాని పద్ధతి. జిల్లాలో ఫ్లోరైడ్ బాధ మర్రిగూడ, మునుగోడు వంటి పడమటి మెట్ట ప్రాంతాల్లో అతి ఎక్కువ. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలకు 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ఎడమకాలువ వేరే బతుకునిచ్చింది. అయినా బోరు నీరు తాగిన ఊళ్లు ఈ వైపునా ఉన్నాయి. శరీరంలోకి చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేవి ముఖ్యంగా కిడ్నీలే కాబట్టి, కిడ్నీ చెడిన పిల్లవాడికి మామూలు పిల్లవాడికి సరిపోయే నీరు కూడా ఎక్కువ ఫ్లోరైడ్‌ను మిగులుస్తుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌కు, పిల్లల ఐక్యూ తగ్గుదలకు సంబంధం ఉందని అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 2024లో మధ్యస్థ విశ్వాసంతో తేల్చింది. దాన్ని ఆధారం చేసుకొని ప్రతి చదువు వెనకబాటునూ నీటి మీదికి తోయడం సరికాదు. కిడ్నీ జబ్బున్న పిల్లవాడున్న ఇల్లు బోరు నీటిని పరీక్ష చేయించుకోవాలనడానికి మాత్రం అది చాలు.

పటిక సంగతి మరీ గట్టిది. పటికలో ఉండేది అల్యూమినియం. ఆరోగ్యంగా ఉన్నవారి శరీరంలోకి పేగుల ద్వారా వెళ్లేది అతి స్వల్పం, వెళ్లినదాన్ని కిడ్నీలు తోసేస్తాయి. డయాలసిస్‌లో అలా కాదు. ఒక్క విడతలో సుమారు 120 లీటర్ల నీరు పలుచని పొరకు అవతల రోగి రక్తానికి ఆనుకుని పారుతుంది. 1970లలో అమెరికాలోని డెన్వర్ వంటి చోట్ల డయాలసిస్ రోగులకు ముందు మాట తడబడి, ఆపై అదుర్లు, ఫిట్స్, చివరికి మతి పూర్తిగా పోవడం చూశారు. ఆల్ఫ్రే బృందం 1976లో దాన్ని అల్యూమినియం విషంగా గుర్తించింది. కిడ్నీ జబ్బున్న పసిపిల్లలకు ఫాస్ఫేట్ తగ్గించడానికి ఇచ్చిన అల్యూమినియం మందుల వల్ల, డయాలసిస్ లేకుండానే, మెదడు ఎదుగుదల ఆగిపోయిన ఉదంతాలూ ఆ రోజుల్లో వచ్చాయి. ఆ మందులు ఇప్పుడు పిల్లలకు వాడరు. అల్యూమినియం, ఫ్లోరైడ్ రెండింటినీ ఆపే ఆర్వో ప్లాంటు డయాలసిస్ యంత్రం అంత ముఖ్యం; పటికతో శుద్ధిచేసిన నీరు, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీరు రెండూ వాడకంలో ఉన్న జిల్లాలో దాని నీటి పరీక్షల రిజిస్టరు ప్రతి కేంద్రంలోనూ వేళకు నిండాల్సిందే.

మందుల వల్ల జరిగే హాని గురించి ఊళ్లలో ఇంకా తగినంతగా చెప్పడం లేదు. జ్వరానికి, ఒళ్లునొప్పులకు వేసే డైక్లోఫెనాక్ సూది మిగిలిన కాస్త కిడ్నీని దెబ్బతీస్తుంది. కిడ్నీ ద్వారా బయటికి పోయే మందులు మామూలు మోతాదులోనే మెదడుకు ఎక్కుతాయి. బాక్లోఫెన్, ప్రిగాబలిన్, ఎసైక్లోవిర్, సెఫిపైమ్ అలాంటివే; పిల్లవాడు మగతగా పడి ఉండటం, పిచ్చిమాటలు, ఫిట్స్ వీటివల్ల రావచ్చు, మందు ఆపి డయాలసిస్ చేస్తే తగ్గుతాయి. అందుకే ఆర్‌ఎంపీ దగ్గరికైనా, మందుల షాపుకైనా వెళ్లినప్పుడు ‘మా పిల్లవాడికి కిడ్నీ జబ్బుంది’ అని ముందే చెప్పడం అలవాటు కావాలి. స్టార్ ఫ్రూట్ అనే కరంబోలా పండు విషయం వింతగా అనిపిస్తుంది గాని నిజం. అందులోని కారంబాక్సిన్ అనే పదార్థం కిడ్నీలు చెడినవారిలో ఆగని ఎక్కిళ్లు, మతిభ్రమ, ఫిట్స్ తెప్పిస్తుంది, ప్రాణాలూ తీసింది. తూకం తెలియని భస్మాలు, పసర్లు కూడా ఈ జాబితాలోకే వస్తాయి.

ఏకాగ్రత లేదనిపించే ప్రతి పిల్లవాడిలోనూ లోపం మెదడులోనే ఉండదు. ఆల్‌పోర్ట్ అనే వంశపారంపర్య కిడ్నీ జబ్బులో మూత్రంలో రక్తంతోపాటు వినికిడి క్రమంగా తగ్గుతుంది. జెంటామైసిన్, అమికాసిన్ వంటి సూదులు చెవిని దెబ్బతీస్తాయి. ఐరన్ తక్కువైతే రాత్రంతా కాళ్లు లాగుతూ నిద్రపట్టదు. పొద్దున మొదటి పీరియడ్‌లోనే కునుకు వస్తుంది. వినికిడి పరీక్ష, నిద్ర గురించి నాలుగు ప్రశ్నలు – ఇవి తెలివి పరీక్షకంటే ముందు జరగాలి.

ఇక దూరం. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు సుమారు 135 కిలోమీటర్లు, మిర్యాలగూడ నుంచి దాదాపు 150, కోదాడ నుంచి 175కు పైన. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, మిర్యాలగూడలో ఏరియా ఆసుపత్రి ఉంది. కాని పిల్లల కిడ్నీ నిపుణులు చాలావరకు రాజధానిలోనే ఉంటారు. హీమోడయాలసిస్ వారానికి మూడు రోజులు, ఒక్కో విడత నాలుగు గంటలు. పిల్లవాడి కోసం హైదరాబాద్ పోయిరావాల్సిన కోదాడ కుటుంబానికి అవి మూడు పూర్తి రోజులు. నెలలో పన్నెండు బడి రోజులు పోయినట్టే. తొలి విడతల్లో వ్యర్థాలను మరీ వేగంగా తీసేస్తే మెదడులో నీరు చేరి తలనొప్పి, వాంతులు వస్తాయి. జాగ్రత్తగా చేసినా మర్నాడు పాఠం తలకెక్కదు. ఆరోగ్యశ్రీ డయాలసిస్‌ను ఉచితం చేసింది. 2022 నుంచి తెలంగాణ ప్రభుత్వం డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను ఇస్తోంది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఇవి చిన్న సాయాలు కావు. బస్సులో గడిచిన బాల్యాన్ని మాత్రం ఇవి తిరిగివ్వవు. అందుకే చిన్నపిల్లలకు, దూరపు ఊళ్లవాళ్లకు కడుపు ద్వారా ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌ను ముందు ఆలోచించాలి. రాత్రి నిద్రలో యంత్రం ద్రవాన్ని మారుస్తుంది, పొద్దున పిల్లవాడు బడికి పోతాడు. శుభ్రమైన ఒక గది మూల, చేతులు కడుక్కునే క్రమం, శిక్షణ పొందిన ఒక పెద్దమనిషి దానికి కావాలి. కేంద్ర ప్రభుత్వం 2019లోనే జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో దీనికి మార్గదర్శకాలిచ్చింది. పిల్లల మెదడు దృష్టితో చూస్తే హీమోడయాలసిస్ కుర్చీల కంటే దీనికే ఎక్కువ ఊతం దొరకాలి.

మెదడు పనిని కొలవడం కూడా పెద్ద తంతు కాదు. మాలిన్ పరీక్ష, బినె-కామత్ పరీక్ష మన దేశపు పిల్లలకోసం మలిచినవి. శిక్షణ ఉన్న సైకాలజిస్టు చేస్తే జబ్బు తెలిసినప్పుడు ఒకసారి, ఆపై రెండు మూడేళ్లకు ఒకసారి చాలు. ఇంగ్లిష్ మీడియంలో చదువుతూ ఇంట్లో తెలుగు లేదా లంబాడీ మాట్లాడే పిల్లకు పరీక్ష ఏ భాషలో జరిగిందన్నది స్కోరుతోపాటే రాయాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో నిర్దిష్ట అభ్యసన లోపం ఉంది, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు లేదు. కాబట్టి డయాలసిస్ మీద పదో తరగతి రాసే పిల్లకు జబ్బు పేరుతో అదనపు సమయం రాదు. పరీక్షలో తేలిన లోపం పేరుతో అడగాలి. హాజరు, పరీక్షల విషయంలో ఇలాంటి పిల్లలకు నేరుగా వెసులుబాటు ఇచ్చే నిబంధన రాష్ట్ర బోర్డులు చేయడం న్యాయం. అంతదాకా ప్రధానోపాధ్యాయుడి చేతిలో ఉన్నవి చాలానే ఉన్నాయి: పాఠం నోట్సు ఇంటికి పంపడం, లెక్కను బోర్డు మీద రాయడం, డయాలసిస్ మర్నాడు పరీక్ష పెట్టకపోవడం, మూత్రానికి అడిగిన ప్రతిసారీ పంపడం.

కిడ్నీ మార్పిడి మెదడుకు చేసే మేలు గట్టిది. 1999లో మెండ్లీ, జెల్కో మార్పిడికి ముందూ తరువాతా పిల్లలను పరీక్షించి, ఆలోచన వేగం, స్పందించే సమయం, పని జ్ఞాపకం మెరుగుపడ్డాయని చూపారు. సంఖ్య చిన్నదైనా, తల్లిదండ్రులు తామే చెప్పే మాటకు అది సాక్ష్యం: పిల్లవాడు తేరుకుంటాడు, కళ్లలో చురుకు వస్తుంది. పోయిన ఏళ్ల చదువు దానంతటది తిరిగిరాదు. మార్పిడి అయిన పిల్లలోనూ ఐక్యూ తేడా మిగిలి ఉండటానికి అదొక కారణం. డయాలసిస్ మీద గడిచే కాలం ఎంత తగ్గితే అంత మంచిది కాబట్టి తల్లిదండ్రుల్లో ఒకరు దాతగా ఉండగలరా అన్నది అయిదో దశకు ముందే చూడాలి. మరణించిన దాతల కిడ్నీల కోసం రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు అప్పుడే జరగాలి. మార్పిడి తరువాత వాడే టాక్రోలిమస్ చేతి వణుకు తెస్తుంది, స్టెరాయిడ్లు మనసును ఊగిస్తాయి. ఈ రెండూ దస్తూరీలో, కోపంలో కనిపిస్తాయి. టీచరుకు ముందే తెలిస్తే దండన తప్పుతుంది.

మార్పిడి చేసిన కిడ్నీ పోవడం అమెరికా నమోదుల ప్రకారం 17 నుంచి 24 ఏళ్ల మధ్య అత్యధికం. అది శరీరం ఎదురుతిరిగే వయసు కావడం వల్లనే కాదు. మందులు రోజుకు రెండుసార్లు వేళ తప్పకుండా వేసుకోవడం, అయిపోకముందే తెచ్చుకోవడం, స్నేహితుల మధ్య మాత్ర బయటికి తీయడానికి సిగ్గుపడకపోవడం, ఇవన్నీ నుదుటి వెనక భాగం చేసే పనులు. అది ఇంకా పక్వం కాలేదు, జబ్బు దాన్ని వెనక్కి లాగింది కూడా. సరిగ్గా ఆ వయసులోనే ఇంటర్ అయిపోయి కోదాడ పిల్లవాడు హైదరాబాద్ హాస్టల్‌కు పోతాడు, అమ్మ మాత్ర చేతిలో పెట్టే రోజులు ఆగిపోతాయి, ఆసుపత్రిలో పిల్లల వార్డు నుంచి పెద్దల వార్డుకు మారుస్తారు. ఈ మూడు మార్పులూ ఒకే ఏడాది పడకుండా చూడటం డాక్టర్ల చేతిలో కొంత, ఇంటివాళ్ల చేతిలో కొంత ఉంది. పద్నాలుగేళ్ల నుంచే పిల్లవాడు తన జబ్బు పేరు, తన మందుల పేర్లు, తన క్రియాటినిన్ తానే చెప్పగలిగేలా నేర్పాలి. మాత్రలను సెల్‌ఫోన్ అలారంతో, వారం గళ్ల డబ్బాతో ముడిపెట్టాలి. పెద్దల వార్డుకు పోయే ఫైలులో బయాప్సీ, బీపీ, క్రియాటినిన్ కాగితాలతోపాటు చివరి తెలివి పరీక్ష, వినికిడి పరీక్ష, ఏ రకంగా చెబితే అర్థమవుతుందో రాసిన అరపేజీ కూడా ఉండాలి.